గీత కొట్టిన సున్నా

ఆవిడకు నా సున్నా తెలుసు. మా మామగారు వెళ్లి గట్టిగా అడిగితే చెప్పేస్తుంది. చెప్పిందంటే రేపట్నుంచి మా అమ్మాయితో ఆడుకోవడానికి ఈ దీవిలో ఎవరూ తమ పిల్లల్ని పంపరు.

అక్టోబరులో ఆ సోమవారం పొద్దున, రూనర్ కొట్టులో పాల డబ్బా పట్టుకుని నిలబడి నేను అనుకున్నది ఇదే. ముందు రోజే, ఫిన్లండ్‌లో భాగమైన మా ఓలాండ్ దీవుల సొంత శాసనసభకు ఎన్నికలు జరిగాయి. గ్రోషేర్ దీవిలో మొత్తం డెబ్బై ఒక్క ఓట్లు పడ్డాయి. అందులో ఒకటి నాది. ఆ సభకు నేను వేసిన మొదటి ఓటు.

ఆవిడంటే గున్నెవి. డెబ్బై నాలుగేళ్లు. అప్పటికి ముప్ఫై ఒక్క ఏళ్లుగా మా దీవిలో పోలింగు సంఘానికి పెద్ద. ఈ రాత ఆవిడ గురించే. దీవి పేరు, మనుషుల పేర్లు, అంకెలు మార్చి రాస్తున్నాను. వృత్తుల్లో కూడా ఒకటో రెండో తారుమారు చేశాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

నేను ఫిన్లండ్ ప్రధాన భూమి మీద పుట్టినవాణ్ణి. ఇంట్లో ఫిన్నిష్ మాట్లాడుకునేవాళ్లం. ఓలాండ్‌ వాళ్లది స్వీడిష్. ఇక్కడ ఐదేళ్లు ఉండి, స్వీడిష్ వచ్చని చూపించి, స్థానిక హక్కు తెచ్చుకుంటే తప్ప ఆ సభకు ఓటు ఉండదు, జానెడు నేల కొనడానికీ ఉండదు. మా అమ్మాయి సైమికి తల్లి వల్ల ఆ హక్కు పుట్టుకతోనే వచ్చింది. నాలుగేళ్ల పిల్లకు ఉన్నది నాకు లేదని మా మామగారు టోర్వాల్డ్ భోజనాల దగ్గర నవ్వించేవాడు. ఆయన ఎనిమిదేళ్లుగా ఆ సభలో సభ్యుడు. ముప్ఫై మందిలో మా చిన్న దీవుల తరఫున మాట్లాడేది ఆయనొక్కడే.

సైమికి ఉబ్బసం. నిరుడు ఫిబ్రవరిలో ఒక గురువారం పిల్లకు ఊపిరి అందలేదు. మా దీవికి నర్సు వచ్చేది మంగళవారం మాత్రమే. సముద్రం గడ్డకట్టి ఓడ నడవలేదు. హెలికాప్టరు వచ్చేదాకా యాభై రెండు నిమిషాలు పట్టింది. అంతసేపూ పిల్ల పక్కటెముకలు లోపలికి పోవడం, బయటికి రావడం లెక్కపెడుతూ కూర్చున్నాను. సైన్సు చదివినవాడికి ఏమీ చేయలేనప్పుడు లెక్కపెట్టడమొక్కటే తెలుసు.

తర్వాత మామగారి ఇంట్లో ఆ మాట వచ్చింది. ఆయన స్పష్టంగానే చెప్పాడు. "నర్సు రోజూ ఉండాలంటే దీవుల పంచాయతీలన్నీ కలిపెయ్యాలంటున్నారు అల్లుడూ. కలిపేస్తే బడి పోతుంది. బడి పోయాక ఇక్కడ ఎవరుంటారు, గొర్రెలా?"

"అవును మామయ్యగారూ," అన్నాను. ఐదేళ్లుగా ఆ బల్ల దగ్గర నేను అన్న మాట అదొక్కటే.

ఎన్నికల రోజు బడి గదిలో తెర వెనక్కి వెళ్లి చీటీ మీద ఎనభై అని రాశాను. మా మామగారి అంకె ముప్ఫై ఒకటి. ఎనభై రాజధాని మరియెహామ్న్‌లో ఉండే ఒక నర్సుది. వేరే పార్టీ. చిన్న దీవులన్నిటికీ రోజూ తిరిగే నర్సును ఇస్తామని, అందుకు పంచాయతీలు కలుపుతామని దాచకుండా చెప్పిన మనిషి.

మా దగ్గర మీటలు నొక్కే యంత్రాలు లేవు, గుర్తులు లేవు. అభ్యర్థి అంకెను ఓటరు తన చేత్తో చీటీ మీద రాయాలి. మామూలు ఊళ్లో అది రహస్యమే. డెబ్బై ఒక్క చీటీలు, అందరి రాతా ఎరిగిన లెక్కింపువాళ్లు ఉన్నచోట ఎంత రహస్యమో నాకు అప్పటికి తట్టలేదు.

కొట్టు నడిపే రూనర్ కూడా ఆ సంఘంలో ఒకడు. ఆ సోమవారం అతను రొట్టెలు సర్దుతూ, గొంతు తగ్గించకుండానే చెబుతున్నాడు.

"చివర ఒక చీటీ మిగిలింది. మొదటి అంకె ఎనిమిది. రెండోది గుండ్రంగా ఉంది, మధ్యలో గీతొకటి. ఎనభై ఎనిమిది రాయబోయి చెయ్యి వణికిందేమో అన్నాను నేను. తేలనిది చెల్లదు, పక్కన పెట్టమన్నారు ఇద్దరు. గున్నెవి ఒక్క చూపు చూసి 'అది సున్నా' అంది. 'నీకెలా తెలుసు' అంటే 'సున్నా కాబట్టి' అంది. ఎనభై లెక్కలో కలిపేసింది."

మా మామగారు నా పక్కనే ఉన్నాడు. రాత్రంతా నిద్రలేని మొహం. "అంటే ఆ రాత ఎవరిదో దానికి తెలుసు," అన్నాడు.

"ఆ మాట నేననలేదు."

"నువ్వు అననక్కర్లేదు. నాకు చెవులున్నాయి."

ఆయన బాధ చెప్పాలంటే ఓట్లు ఎలా పంచుతారో చెప్పాలి. ఓలాండ్ అంతా ఒకటే నియోజకవర్గం. ఒక మనిషికి వేసిన ఓటు మొదట ఆయన పార్టీ జాబితాలో పడుతుంది, జాబితాకు వచ్చిన ఓట్లను బట్టి సీట్లు వస్తాయి. ఆ సీట్లు జాబితాలో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవాళ్లకు వరసగా పోతాయి. మా మామగారి పార్టీకి ఐదు సీట్లొచ్చాయి. ఆయన ఆరోవాడయ్యాడు. ఐదోవాడికీ ఆయనకూ తేడా ఒక్క ఓటు.

"దీవిలో నాకు వెయ్యనివాళ్లు తొమ్మిది మంది," అన్నాడు మామగారు, రూనర్ వైపు చూస్తూ. "తొమ్మిది మందీ నాకు తెలుసు. మొహం మీదే చెప్పారు. నాకు రావాల్సినవి అరవై రెండు, వచ్చినవి అరవై ఒకటి. ఆ పదోవాడెవడు?"

నేను మనసులో లెక్క వేశాను. నా ఓటు ఆయనకు పడి ఉంటే ఇద్దరికీ సమానమయ్యేది. సమానమైతే చీటీలు వేసి తీస్తారు. అంటే నేను పోగొట్టింది సీటు కాదు, సీటులో సగం. ఈ లెక్క ఎవరి దగ్గర చెప్పుకోను?

ఇక గున్నెవి సంగతి. ఆవిడంటే దీవిలో ఎవరికీ పడదు. ఆవిడకూ ఎవరూ పడరు. ఇరవై ఆరేళ్లు ఓడ వంటగదిలో పనిచేసింది. టూరిస్టులు రెండో అట్టు అడిగితే "ఒకటి అరిగాక చూద్దాం" అనేదట. శాసనసభ మాటెత్తితే "ఓడ ఎన్ని గంటలకి కదలాలో తేల్చడానికి ముప్ఫై మందికి నాలుగేళ్లు కావాలి" అనేది. అయినా ప్రతి ఎన్నికకూ తొమ్మిది గంటలకు గంట ముందే బడి తలుపు తీసి, పెన్సిళ్లన్నీ చెక్కి పెట్టేది ఆవిడే. ఆవిడ ముందు చీటీ మీద ముద్ర వేయించుకుని పెట్టెలో వేస్తున్నప్పుడు దీవిలో పెద్ద పెద్ద వాళ్లు కూడా కళ్లెత్తరు. ముప్ఫై ఏళ్లుగా ఎవరెవరు ఎవరికి వేశారో ఆవిడకు తెలుసని అందరికీ తెలుసు. అందుకే మరీ పడదు.

నేను దీవిలో నీళ్లు పరీక్షించే పని చేస్తాను. చేపల పెంపకం వల్ల బావుల్లోకి ఏం దిగుతోందో చూడటం. రెండేళ్ల కిందట ఆవిడ నా షెడ్డుకు సీసాతో వచ్చింది.

"నీళ్ల పంతులూ, నా బావిలో ఉప్పెంతుందో తేల్చు. ఊరికే తేల్చు."

తేల్చి, ప్రింటరు పనిచేయక చేత్తో రాసిచ్చాను. లీటరుకు రెండు వందల మిల్లీగ్రాములు. రెండు సున్నాలకూ ఏటవాలుగా గీత కొట్టాను. ప్రయోగశాలలో పడిన అలవాటు, సున్నా 'O' అక్షరంతో కలిసిపోకుండా.

ఆవిడ కాగితాన్ని దూరంగా పట్టి చూసింది. "వీటిని కొట్టేశావేం? తప్పు రాశావా?"

"మా దగ్గర అలాగే రాస్తామండీ."

"సున్నా రాయడం రాదుగానీ నీళ్లు చూస్తాడట." ఆ కాగితాన్ని తీసుకెళ్లి వంటింటి కిటికీ పక్కన మేకుకు గుచ్చింది. తర్వాత ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉండేది. ఆ వంటింట్లోకి ఎవరొచ్చినా కనబడేంత ఎత్తులో.

కొట్టులో నిలబడ్డ నాకు గుర్తొచ్చింది ఆ మేకే.

"పద అల్లుడూ," అన్నాడు మామగారు. "సాక్షిగా ఉందువుగాని."

కాదనడానికి కారణం వెతికాను. దొరకలేదు. కొండ దారిలో ఆయన ముందు, నేను వెనక. ఈ దారి ఇంకాస్త పొడుగుంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

గున్నెవి బల్ల దగ్గర కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. లేవలేదు. పొయ్యి మీద కాఫీ కుండ ఉంది, వాసన వస్తోంది. మా దీవుల్లో ఇంటికొచ్చినవాడికి కాఫీ పొయ్యకపోవడమంటే తలుపు మొహాన వెయ్యడమే.

"కాఫీ లేదు," అంది.

"కాఫీకి రాలేదు."

"అయితే నిలబడే మాట్లాడు."

నేను కిటికీ వైపు చూశాను. మేకు ఉంది, కాగితం లేదు. కాగితం ఉన్నంత మేర గోడ తెల్లగా ఉంది.

"ఎనభై ఎవరు?" అన్నాడు మామగారు.

"ఒక నర్సు. ఓడల రేవు దగ్గర పోస్టరుంది, పోయి చూడు."

"వేసిందెవరని అడుగుతున్నా."

"వేసినవాడు తెర వెనక వేశాడు. నేను తెరకి ఇవతల కూర్చున్నా."

"రాత నీకు తెలుసు."

"నాకు అందరి రాతా తెలుసు. నీదీ తెలుసు, ముప్ఫై ఏళ్ల నుంచీ. ఎప్పుడైనా ఎవరికైనా చెప్పానా? చెప్పమంటావా?"

"నాదేముంది దాచడానికి?"

"అయితే మెడ ఎందుకు ఎర్రబడింది?"

ఆయన నా వైపు ఓరగా చూశాడు. నేను చేపల బేసిన్ వైపు చూశాను. ఆవిడ కత్తి ఆపి, మొదటిసారి నన్ను చూసింది. చూపులో దయలాంటిదేమీ లేదు.

"వీణ్ణెందుకు తెచ్చావు? నా బావి చూడ్డానికా?"

"సాక్ష్యానికి."

"దేనికి సాక్ష్యం? నేను కాఫీ పొయ్యనందుకా?"

"గున్నెవీ, నేను సభలో లేకపోయినా ఊరి పంచాయతీలో ఉన్నాను. జనవరిలో పోలింగు సంఘాన్ని మళ్లీ వేస్తాం. ఓటర్ల రాతలు కనిపెట్టి కూర్చునే మనిషి అక్కడెందుకని నేనే అడుగుతా. పేరు చెబితే నా నోరు లేవదు."

"కనిపెట్టడం తప్పని నువ్వే అంటున్నావు, కనిపెట్టింది చెప్పమనీ నువ్వే అంటున్నావు. సభలో కూడా ఇలాగే మాట్లాడేవాడివా?" ఆవిడ ఇంకో చేప అందుకుంది. "తలుపు వేసుకుని పో. చలి లోపలికొస్తోంది."

బయటికొచ్చాక మామగారు ఉమ్మేసి, "చూశావా ఎంత పొగరో," అన్నాడు.

"అవును మామయ్యగారూ," అన్నాను.

ఆ మాట ఇప్పటికీ నాకు నోట్లో చేదుగా ఉంది.

జనవరిలో అన్నంత పనీ చేశారు. పంచాయతీ సమావేశం బడి గదిలోనే, పిల్లల బొమ్మల కింద. కొత్త సంఘంలో ఐదు పేర్లు చదివారు. గున్నెవి పేరు లేదు. రూనర్ బూట్ల వైపు చూసుకున్నాడు. వెనక ఎవరో "ఇప్పటికైనా నిమ్మళంగా ఓటేసుకుంటాం" అన్నారు, కొందరు నవ్వారు. మాట్లాడదలచినవాళ్లు మాట్లాడవచ్చని అధ్యక్షుడు అన్నాడు. నేను మూడో వరసలో ఉన్నాను. నా ఒళ్లో సైమి పడుకుని ఉంది. పిల్ల లేస్తుందని కదలలేదని నాకు నేను చెప్పుకున్నాను. గున్నెవి కోటు తొడుక్కుని, వెళ్తూ వెళ్తూ పెన్సిళ్ల డబ్బాను రూనర్ ముందు పెట్టింది. "చెక్కడం మర్చిపోకు. మొద్దు పెన్సిలుతో రాస్తే సున్నా, ఆరూ ఒకటే అవుతాయి," అంది.

మూడు రోజులు ఆగి ఆవిడ ఇంటికి వెళ్లాను. నిర్ణయించుకునే వెళ్లాను.

ఆవిడ వల బాగుచేస్తోంది. కూర్చోమనలేదు.

"మామయ్యగారికి చెప్పేస్తానండీ," అన్నాను. "ఆ ఓటు నాదని. మీ పని మీకు తిరిగొస్తుంది."

"ఎవరడిగారు నిన్ను?"

"నా వల్లే కదండీ పోయింది."

"నీ వల్ల పోలేదు. నా నోటి వల్ల పోయింది. చెల్లని చీటీ అంటే ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేకపోయా. సున్నాని సున్నా కాదంటే ఎలా ఊరుకుంటా?" దారాన్ని పళ్లతో తెంపింది. "నీ మీద జాలి పడ్డాననుకోకు. నువ్వంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. ఫిన్ను వాడివని కాదు. ఐదేళ్లు వాడి బల్ల దగ్గర కూర్చుని వాడి కూడు తిని, అవును మామయ్యా, అవును మామయ్యా. తెర వెనక మాత్రం వీరుడివి."

"పిల్ల కోసం వేశానండీ."

"పిల్ల కోసమని వాడితో అన్నావా? ఒక్కసారైనా?"

నేను కిటికీ పక్కన ఖాళీ మేకు వైపు తిరిగాను.

"అంటే ఏమయ్యేది? అరిచేవాడు. ఆ తొమ్మిది మందీ మొహానే చెప్పారు, ఎవరిని తిన్నాడు? నీతో కలిపి పది మందవుతారు, వాడు ముందే లెక్క వేసుకునేవాడు. ఇప్పుడు వాడు దీవి మొత్తాన్నీ అనుమానించుకుంటూ తిరుగుతున్నాడు. అదీ నువ్వు చేసింది."

"అందుకే ఇప్పుడు చెప్పేస్తానంటున్నా."

ఆవిడ వల కింద పెట్టేసింది. "బుర్రుందా? నువ్వు చెప్పావనుకో. వాడు ప్రతి గుమ్మమూ ఎక్కుతాడు. 'మా అల్లుడే చెప్పేశాడు, నీకేం నొప్పి' అంటాడు. ఒకడు నోరు విప్పితే విప్పనివాడు దొంగవుతాడు. నీ ఓటు నీ ఒక్కడిదే అనుకుంటున్నావు. మిగతా డెబ్బై మంది దాచుకున్నది కూడా దానికి కట్టేసి ఉంది."

మళ్లీ వల అందుకుని, నా వైపు చూడకుండా అంది: "మా అన్న ఎన్నికల్లో నిలబడ్డ ఏడాది మా ఆయన అల్ఫోన్స్ వేరేవాడికి వేశాడు. ఆయన రాసే నాలుగంకె, కాలు విరిగిన కుర్చీలా ఉంటుంది. నా చేత్తోనే లెక్కపెట్టి అవతలి కట్టలో పెట్టా. ఇంటికెళ్లి సూపు పోశా. పదకొండేళ్లు అడగలేదు. చివర్లో ఆసుపత్రిలో చెప్పబోయాడు. నోరు ముయ్యమన్నా."

"ఎందుకండీ?"

"చెబితే క్షమించాల్సొచ్చేది. అది నా పని కాదు, లెక్కపెట్టడమే నా పని."

నేను లేవబోతుంటే, కూర్చోనే లేదని గుర్తొచ్చింది. తలుపు దగ్గరికి వెళ్లాక అడిగాను. "ఆ కాగితం?"

"పొయ్యిలో. టోర్వాల్డ్ కొండెక్కడం కిటికీలోంచి కనబడింది." బల్ల కింద నుంచి సీసా తీసి నా ముందు పెట్టింది. అప్పటికే నీళ్లు నింపి ఉంది. "మళ్లీ చూసి రాసియ్యి. ఈసారి మనుషులు రాసే సున్నాలు పెట్టు."

ఆ వారమే రాసిచ్చాను. రెండు వందల పది. మేకు మీద ఇప్పుడు అది ఉంది. అది ఇచ్చినప్పుడు కూడా కాఫీ పొయ్యలేదు.

తర్వాతి గురువారం మామగారింట్లో బఠాణీ సూపు తింటూ చెప్పాను. నర్సు రోజూ కావాలని, పంచాయతీలు కలిపితేనే వస్తుందంటే కలపాలనే అంటానని, బడి పోకుండా కలిపే దారి వెతకమని వచ్చే ఎన్నికల దాకా ఆయన్ని విసిగిస్తానని. మా అత్తగారు చెంచా కింద పెట్టింది. మామగారు చాలాసేపు అరిచాడు. తిండి పెట్టిన ఇల్లు అన్నాడు, బయటి నుంచి వచ్చినవాడు అన్నాడు. సైమి చెవులు మూసుకుంది. తర్వాత ఆయన ఒక్కసారిగా ఆగి, కళ్లు చిన్నవి చేసి అడిగాడు.

"పదోవాడివి నువ్వేనా?"

"నాకేం కావాలో ఇప్పుడే చెప్పాను మామయ్యగారూ. మిగతాది పెట్టెలో ఉంది."

రెండు నెలలు మాతో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున తనే వచ్చి, నర్సుల జీతాలు సభలో ఏ పద్దు కింద వస్తాయో అరగంట చెప్పి, నేను వట్టి మూర్ఖుణ్ణని తేల్చి వెళ్లాడు. వారం నాగా లేకుండా ఇప్పటికీ పోట్లాడుకుంటున్నాం. సైమి రూనర్ మనవరాళ్లతో ఆడుకుంటోంది.

మా ఆవిడ మాలిన్ ఒకసారి పిల్లను పడుకోబెట్టి, మెల్లగా అడిగింది, నిజంగా ఎవరికి వేశావని. చెప్పలేదు. జనవరిలో ఆ రోజు వాళ్లింటి గుమ్మం దాటుతుంటే గున్నెవి నా వెనక నుంచి అన్న మాటే చెప్పాను.

"ఏం కావాలో ముందు మొహం మీద చెప్పు. ఎవరికి వేశావో తర్వాత ఎవరికీ చెప్పకు, పెళ్లానికి కూడా."